వైఫై వేగం ఇంట్లో ఎక్కడ తగ్గుతున్నది?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య సాంకేతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పాల సంఘాల శిక్షణ తరగతిలో వైఫై గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చును. కాని మేము ఏ సంఘానికి వెళ్ళినా దాణా గురించి, గర్భధారణ గురించి, టీకాల గురించి అడిగిన తరువాత, చివరకు "ఇంటర్నెట్టు సరిగా అందడం లేదండీ, ఏం చేయమంటారు?" అన్న ప్రశ్న వస్తున్నది. అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు చాలా సంఘాల లెక్క దాని మీదనే నడుస్తున్నది. ఉదయం పోసిన పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రంలో నమోదవుతాయి. ఆ లెక్క పైకి చేరితేనే సభ్యుని ఫోనుకు సందేశం వస్తుంది, బిల్లు వేళకు బ్యాంకు ఖాతాలో సొమ్ము పడుతుంది. ఒక పూట లెక్క ఆగితే "నిన్నటి నా పాలు ఎక్కాయా, లేదా?" అని సభ్యురాలు అడుగుతుంది. అడగడం ఆమె హక్కు. సమాధానం చెప్పవలసిన బాధ్యత కార్యదర్శిది.

ఇక మన ఇళ్ళ సంగతి. పిల్లలకు వీడియో పాఠాలు ఉన్నాయి. పశువుకు జబ్బు చేస్తే డాక్టరుగారికి ఫోనులో చూపించి సలహా అడిగే అలవాటు పెరిగింది. దూరదేశంలో ఉన్న కొడుకునో కూతురినో తల్లి వారానికొకసారి ఫోను తెర మీద చూసుకుంటున్నది. ఇవన్నీ గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టె మీద ఆధారపడి ఉన్నాయి.

వేగం చాలనప్పుడు మనవాళ్ళు సాధారణంగా చేసే పని ఒక్కటే. కంపెనీకి ఫోను చేసి ఇంకా పెద్ద ప్లానుకు మారుతారు. నెలనెలా కట్టే ఆ అదనపు సొమ్ము పాల బిల్లులో నుండే పోతుంది. అయినా వెనుక గదిలో పాఠం ఆగుతూనే ఉంటుంది. అందుచేత ఈనాడు మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇది: ప్లాను మార్చకముందు కొలవండి. కొలిచిన తరువాత పెట్టె చోటు చూడండి. అప్పటికీ చాలకపోతేనే డబ్బు ఖర్చు పెట్టండి.

మనకు కావలసినది ఎంత?

ముందుగా లెక్క చూద్దాం. వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతారు. ఫోనులో ఫైలు దించుకునేటప్పుడు కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. కనుక 40 మెగాబిట్ల ప్లాను తీసుకున్న ఇంట్లో ఫైలు సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున దిగితే అది పూర్తి వేగమే. "40 అని చెప్పి 5 ఇస్తున్నారు" అని తగవుపడే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వీడియో పాఠానికి 2 నుండి 4 మెగాబిట్లు చాలును. స్పష్టమైన బొమ్మతో ఒక సినిమా చూడడానికి సుమారు 5 కావాలి. ఒక ఇంట్లో ఒకే సమయంలో పాఠం ఒకటి, సినిమా ఒకటి, వీడియో సంభాషణ ఒకటి జరుగుతున్నా మొత్తం 15కు మించదు. పాల సేకరణ యంత్రం పంపే లెక్క అయితే ఇంకా స్వల్పం. సభ్యుని నంబరు, తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, సొమ్ము, ఇవి కొన్ని అంకెలు మాత్రమే. 200 మంది సభ్యుల ఒక పూట లెక్క అంతా కలిపినా మామూలుగా ఫోనులో తీసిన ఒక్క ఫోటో అంత ఉండదు. సంఘం పనికి కావలసినది గొప్ప వేగం కాదు, తెగిపోని నిలకడ. నిలకడ ప్లానుతో వచ్చేది కాదు. అది మన ఇంట్లో మనం చేసుకోవలసిన ఏర్పాటు.

మూడు మజిలీలలో కొలవండి

పాలలో వెన్న తగ్గితే మనం ఏం చేస్తాం? క్యాను దగ్గర చూస్తాం, కేంద్రం దగ్గర చూస్తాం, శీతలీకరణ కేంద్రం దగ్గర చూస్తాం. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ దిద్దుతాం. ఇక్కడ కూడా అదే పద్ధతి.

ఇంటర్నెట్టు మన చేతికి రావడానికి మూడు మజిలీలు ఉన్నాయి. మొదటిది, బయట స్తంభం నుండి ఫైబరు తీగ ద్వారా ఇంటి పెట్టె వరకు. రెండవది, ఆ పెట్టె, అంటే రూటరు. మూడవది, రూటరు నుండి గాలిలో మన ఫోను వరకు. వైఫై అంటే ఈ మూడవ మజిలీ మాత్రమే.

ఫోను మీద వైఫై గుర్తు నిండుగా కనిపించగానే ఇంటర్నెట్టు బాగున్నదని అనుకోకూడదు. ఆ గుర్తు ఫోనుకూ రూటరుకూ మధ్య సంబంధం ఎంత బలంగా ఉన్నదో చెబుతుంది, అంతే. లాక్టోమీటరు పాల సాంద్రత చెబుతుంది గాని వెన్న శాతం చెప్పదు కదా! వెన్న తెలియాలంటే వేరే పరీక్ష కావాలి. అలాగే వేగం తెలియాలంటే వేగ పరీక్ష చేయాలి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ అనే ఉచిత యాప్ ఇందుకు ఉన్నది.

పరీక్ష ఇలా చేయండి. మొదట ఒక కంప్యూటరును లాను తీగతో నేరుగా రూటరుకు తగిలించి వేగం చూడండి. తరువాత రూటరు ఉన్న గదిలోనే నాలుగడుగుల దూరంలో నిలబడి ఫోనుతో చూడండి. ఆ తరువాత పాఠం ఆగిపోయే గదిలో కూర్చుని చూడండి. పరీక్ష జరుగుతుండగా ఇంట్లో మిగిలినవారు సినిమాలు ఆపాలి. ఇదే పరీక్షను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 8, 9 గంటల మధ్య ఒకసారి చేసి కాగితం మీద వ్రాసుకోండి.

ఇక ఫలితం చదవడం. తీగతో చూసినప్పుడే వేగం తక్కువగా ఉంటే లోపం బయట ఉన్నది. ఆ కాగితంతో కంపెనీకి ఫిర్యాదు చేయండి. తీగతో బాగుండి, అదే గదిలో ఫోనులో తక్కువగా ఉంటే లోపం రూటరులోనో ఫోనులోనో ఉన్నది. ఆ గదిలో బాగుండి వెనుక గదిలో పడిపోతే లోపం పెట్టె ఉన్న చోటులో ఉన్నది. పగలు బాగుండి రాత్రి మాత్రమే తగ్గితే, తీగతో చూసినా తగ్గుతున్నదా, ఫోనులోనే తగ్గుతున్నదా అని చూడాలి. తీగతో కూడా తగ్గితే బయట రద్దీ. ఫోనులోనే తగ్గితే మన ఇంటి చుట్టుపక్కల వైఫైల రద్దీ. ఇంత తెలిస్తే సగం పని అయినట్లే.

దీపం ఎక్కడ పెట్టాలి?

రూటరు నుండి వచ్చేవి రేడియో తరంగాలు. ఇవి వెలుగుకు దగ్గరి చుట్టాలు. కనుక రూటరును దీపం అనుకోండి. దీపాన్ని ముందు గదిలో మూల గూటిలో పెట్టి, వెనుక వంటింట్లో వెలుగు లేదంటే తప్పు నూనెది కాదు. పెద్ద ప్లాను తీసుకోవడమంటే ఆ గూటిలోనే ఉంచి నూనె పోయడం వంటిది.

ఆరుబయట దూరం రెట్టింపు అయితే అందే బలం నాలుగవ వంతుకు పడిపోతుంది. మధ్యలో గోడ వస్తే ఇంకా తగ్గుతుంది. చెక్క తలుపు కొద్దిగా ఆపుతుంది. ఇటుక గోడ అంతకన్నా ఎక్కువ ఆపుతుంది. పాత ఇళ్ళలోని మందపాటి రాతి గోడ, ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబు మరింత ఆపుతాయి. ఇనుప రేకు, ఇనుప బీరువా, పెద్ద అద్దం వెనుక ఉండే లోహపు పూత తరంగాన్ని దాదాపు వెనక్కు కొట్టివేస్తాయి. నీరు తరంగాన్ని పీల్చుకుంటుంది. నీళ్ళ ట్యాంకు, చేపల తొట్టి, వరుసగా పేర్చిన నీళ్ళ డబ్బాలు అడ్డంగా ఉంటే అవతల సిగ్నలు తగ్గుతుంది. సేకరణ కేంద్రాలలో ఇంకొక అడ్డంకి ఉన్నది. బల్క్ కూలరు ఉక్కుతో చేసిన పెద్ద తొట్టి. అందులోని పాలలో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. కూలరుకు ఒక పక్క రూటరు, రెండవ పక్క కంప్యూటరు ఉంటే ఆ కంప్యూటరుకు సిగ్నలు ఎలా చేరుతుంది?

మన ఇళ్ళలో రూటరు చోటు నిర్ణయించేది ఇంటివారు కాదు. ఫైబరు వేయడానికి వచ్చిన కుర్రవాడు వీధి వైపు గోడకు ఎక్కడ కన్నం వేస్తే అక్కడ, తీగ ఎంతవరకు అందితే అంతవరకు. అది ముందు గదిలో టీవీ వెనుకనో, బీరువా మీదనో, అటక మీదనో అవుతుంది. టీవీ ముందు కూర్చున్న పెద్దలకు బాగానే అందుతుంది. వెనుక గదిలో చదువుకునే అమ్మాయికి, వంటింట్లో ఉన్న తల్లికి అందదు. కనుక కొత్త కనెక్షను తీసుకునేవారు ఆ కుర్రవాడు వచ్చేముందే ఇంటిల్లిపాదీ కూర్చుని చోటు నిర్ణయించుకోండి. ఇరవై అడుగుల తీగ ఎక్కువ పట్టినా ఒక్కసారి ఖర్చుతో పోతుంది.

మంచి చోటు అంటే ఇంటికి నడిమధ్య. మనిషి తల ఎత్తున గోడకు బిగించిన చెక్క పలక మీద. చుట్టూ ఇనుము లేకుండా, తలుపు వేసే అలమరలో కాకుండా, గాలి తగిలేటట్లు. నేల మీద పెట్టవద్దు. గుడ్డ కప్పవద్దు. పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో పెట్టవద్దు. రూటరు వేడెక్కితే పని మందగిస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. రూటరుకు కొమ్మలు ఉంటే, నిలువుగా ఉన్న కొమ్మ నుండి తరంగం పక్కలకు ఎక్కువగా పోతుంది, పైకీ క్రిందికీ తక్కువగా పోతుంది. ఒకే అంతస్తు ఇల్లయితే అన్నిటినీ నిలువుగా ఉంచండి. మేడ గది కూడా ఉంటే ఒకదానిని అడ్డంగా వంచి చూడండి. కొమ్మలు ఎక్కువైతే దూరం ఎక్కువగా అందుతుందన్నది నిజం కాదు.

ఇప్పటికే కనెక్షను ఉన్నవారు ఒక్క సాయంత్రం ఈ పని చేసి చూడండి. పెట్టెను తీగ అందినంత మేర జరిపి, వెనుక గదిలో వేగం మళ్ళీ కొలవండి. బీరువా పక్క నుండి వాకిలి ఎదురుకు జరిపితేనే తేడా తెలిసే ఇళ్ళు ఉన్నాయి. ఫైబరు తీగ లోపల ఉండేది వెంట్రుక వంటి గాజు పోగు. దానిని మడిచినా, బలంగా వంచినా లోపలి వెలుగు బయటకు పోతుంది. కనుక ఫైబరు తీగ పొట్టిగా ఉంటే గుంజవద్దు. ఫైబరు వచ్చే పెట్టెను ఉన్న చోటనే ఉంచి, అక్కడి నుండి లాను తీగతో ఇంటి మధ్యకు వచ్చి అక్కడ రూటరు పెట్టుకోవచ్చును.

రెండు దారులు

వైఫైకి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. మన దేశంలో మొదటి దానిని 2005లో, రెండవ దానిని మరింత విస్తృతంగా 2018లో లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. 2.4 దారి తరంగం గోడలు దాటి దూరం పోతుంది, కాని వేగం తక్కువ. 5 దారి వేగం ఎక్కువ, కాని ఒకటి రెండు గోడలతోనే అలసిపోతుంది.

ఒకే అంతర్గత ఏంటెన్నా ఉన్న సామాన్యమైన ఫోను 2.4 దారిలో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో నడిస్తే, పాత వైఫై 4 పద్ధతిలో కాగితం మీద 72 మెగాబిట్లకు మించదు. నిజంగా చేతికి అందేది అందులో సుమారు సగం. అటువంటి ఫోనుకు 100 ప్లానైనా 300 ప్లానైనా ఒక్కటే. కొన్ని పాత రూటర్లలో 2.4 దారి మాత్రమే ఉంటుంది. తీగ తగిలించే రంధ్రం కూడా కొన్నిటిలో 100 మెగాబిట్లకు మించి ఇవ్వదు. పెద్ద ప్లాను కోరేముందు మీ పెట్టెలో 5 దారి ఉన్నదా లేదా అడిగి తెలుసుకోండి.

రూటరు దగ్గర కూర్చునే టీవీ, కంప్యూటరు, ఫోను 5 దారికి కలపండి. దూరపు గదిలోనివి, పశువుల కొట్టం వైపు కెమెరా వంటివి 2.4 దారికి కలపండి. రెండు దారులకూ ఒకే పేరు పెడితే ఫోను తనకు తోచిన దారి పట్టుకుంటుంది. అది సరిగా పట్టుకోకపోతే రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టుకోవచ్చును.

2.4 దారి అందరిదీ. పక్కింటి రూటరు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అక్కడే తిరుగుతాయి. ఈ దారిలో ఒకదానికొకటి తగలకుండా నడిచే ఛానెళ్ళు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఏ ఛానెలులో రద్దీ ఉన్నదో చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఖాళీగా ఉన్నదానిని ఎన్నుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ వద్దనే ఉంచండి. రూటరు అడుగున అంటించిన చీటీ మీద లోపలికి వెళ్ళే చిరునామా, మొదటి పాస్‌వర్డు వ్రాసి ఉంటాయి. స్వయంగా చేయడానికి జంకేవారు బాగుచేయడానికి వచ్చిన మనిషి చేత చేయించుకోండి. ఏమి అడగాలో తెలిసి ఉండడం ముఖ్యం.

వరుసలో నిలబడడం

కేంద్రంలో పాలు పోసేటప్పుడు ఒకరు పోస్తుండగా ఇంకొకరు ఆగుతారు. గాలిలో కూడా అంతే. ఒక ఛానెలు మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. వైఫై 6 అనే కొత్త పద్ధతి రూటర్లు ఒకే వంతులో కొందరికి కలిపి వడ్డించగలవు గాని, ఫోను కూడా ఆ పద్ధతిదే అయి ఉండాలి. దూరంగా, బలహీనమైన సిగ్నలులో ఉన్న ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది. అది వరుసలో ఎక్కువసేపు నిలబడితే వెనుక ఉన్నవారందరికీ ఆలస్యమే. అంటే మూల గదిలోని ఒక్క పాత ఫోను ఇంటిల్లిపాది వేగాన్ని తగ్గించగలదు.

దీనికి మేము చెప్పే సూత్రం ఒక్కటే. కదలని వస్తువుకు తీగ వేయండి, కదిలే వస్తువుకు గాలి వదలండి. టీవీ కదలదు. సంఘం కంప్యూటరు కదలదు. సేకరణ యంత్రం కదలదు. వీటికి లాను తీగ వేస్తే వాటి లెక్క తెగకుండా పోతుంది, గాలిలో వరుస తగ్గి ఫోనులకు వేగం పెరుగుతుంది. ముఖ్యంగా సంఘం కంప్యూటరును వైఫై మీద ఆధారపడేటట్లు ఉంచవద్దని కార్యదర్శులందరినీ కోరుతున్నాము.

ఇంకొక సంగతి. ప్లానులో దించుకునే వేగం ఒకటి, పైకి పంపే వేగం ఇంకొకటి ఉంటాయి. చాలామంది మొదటిదే చూస్తారు. ఇంట్లోనో కేంద్రంలోనో బొమ్మను ఎల్లవేళలా పైకి పంపే కెమెరాలు రెండు మూడు ఉంటే అవి పైకి పంపే వేగాన్ని తినివేస్తాయి. అప్పుడు పాఠంలో పిల్లవాని మాట ఉపాధ్యాయునికి ముక్కలుగా వినిపిస్తుంది. అటువంటి కెమెరాల బొమ్మను పైకి పంపకుండా అక్కడే ఒక కార్డులోనో పెట్టెలోనో నిల్వ చేసే ఏర్పాటు మేలు.

మేడకూ కొట్టానికీ

ఒక్క రూటరుతో అందని చోట్లు ఉంటాయి. మేడ గది, దొడ్డివైపు పశువుల కొట్టం, వీధికి అవతల ఉన్న సేకరణ కేంద్రం. ఇందుకు బజారులో మూడు రకాల సాధనాలు దొరుకుతున్నాయి.

మొదటిది రిపీటరు. ఇది వినిన మాటనే తిరిగి చెబుతుంది. ఒకే దారిలో విని, అదే దారిలో చెబితే సమయం రెండింతలు పడుతుంది కనుక వేగం సుమారు సగం అవుతుంది. చవక కాబట్టి చాలామంది దీనిని కొని, సిగ్నలు లేని గదిలోనే పెట్టి, పనిచేయలేదని పారవేస్తారు. సిగ్నలు లేనిచోట అది దేనిని వింటుంది? రెండింటికీ మధ్య, సిగ్నలు ఇంకా బాగా ఉన్న చోట పెట్టాలి.

రెండవది మెష్. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో కలిసి పనిచేస్తాయి. మనిషి నడిచిన కొద్దీ ఫోను దగ్గరి పెట్టెకు మారుతుంది. ఖరీదు ఎక్కువ. ఇది కూడా గాలి మీదనే ముడిపడితే కొంత వేగం పోతుంది. పెట్టెల మధ్య తీగ వేస్తే పూర్తి వేగం వస్తుంది.

మూడవది, మాకు అన్నిటికన్నా నచ్చినది, లాను తీగ లాగి ఆ చివర ఇంకొక రూటరునో యాక్సెస్ పాయింటునో పెట్టడం. కొత్తది కొన్నప్పుడు మిగిలిన పాత రూటరును చాలావరకు ఇందుకు వాడుకోవచ్చును. క్యాట్ 5ఇ, క్యాట్ 6 అనే రాగి తీగలు 100 మీటర్ల వరకు పనిచేస్తాయి. తీగను పి.వి.సి. గొట్టంలో వేయండి, కరెంటు తీగతో కలిపి ఒకే గొట్టంలో వేయవద్దు. ఇల్లు కట్టుకుంటున్నవారు శ్లాబు వేసేముందే ప్రతి గదికీ ఒక ఖాళీ గొట్టం వేయించుకుంటే ముందుముందు గోడలు పగలగొట్టే పని ఉండదు.

వేర్వేరు కట్టడాల మధ్య ఆరుబయట రాగి తీగ వేస్తే పిడుగు సమయంలో ప్రమాదం ఉన్నది. అటువంటి చోట ఫైబరు తీగ వేయడం మేలు, గాజు పోగులో కరెంటు పారదు. ఉక్కు తీగ ఆధారంగా అల్లిన రకం కాకుండా లోహం లేని రకం అడగండి. వీధి దాటి తీగ వేయడం కుదరకపోతే, ఒకదానికొకటి ఎదురుగా చూసే రెండు బయటి వైఫై పెట్టెలు బిగించవచ్చును. వాటి మధ్య చెట్టు గాని గోడ గాని అడ్డం రాకూడదు. వేసవిలో బిగించినప్పుడు బాగా పనిచేసినది, వానాకాలంలో కొమ్మలు పెరిగి ఆకు దట్టమైతే మందగిస్తుంది. కొమ్మ కొట్టితే సరిపోతుంది.

కరెంటు, ఎలుక, పిడుగు

కరెంటు పోతే రూటరు ఆగుతుంది. సాయంత్రం సేకరణ వేళకే కరెంటు పోవడం పల్లెలలో మనకు తెలియనిది కాదు. చాలా రూటర్లు 12 వోల్టుల కరెంటుతో నడుస్తాయి. వాటికి సరిపడే చిన్న బ్యాటరీ పెట్టెలు దొరుకుతాయి. కొనేముందు మీ పెట్టె ఎడాప్టరు మీద వ్రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూడండి. ఫైబరు పెట్టె వేరుగా, రూటరు వేరుగా ఉంటే రెండింటికీ బ్యాటరీ కావాలి. ఒక్కదానికే పెడితే ప్రయోజనం లేదు.

ఫైబరు పెట్టె మీద దీపాలను గుర్తుపట్టండి. ఎల్.ఓ.ఎస్. అని వ్రాసినచోట ఎర్రదీపం వెలిగితే బయటి నుండి వెలుగు రావడం లేదని అర్థం. ఎలుక కొరికి ఉండవచ్చును, లారీకి తగిలి తెగి ఉండవచ్చును. అప్పుడు రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, వెంటనే ఫిర్యాదు చేయండి. ఎర్రదీపం లేకుండా మందగించినప్పుడు ఒకసారి ఆపి, అర నిమిషం ఆగి వేయడం మంచిదే. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు తీసివేయండి.

తాళం వేసుకోండి

వేగం తగ్గడానికి ఇంకొక కారణం, మనకు తెలియకుండా ఇతరులు వాడుకోవడం. ఊరంతటికీ తెలిసిన పాస్‌వర్డు, లేదా ఫోను నంబరే పాస్‌వర్డుగా ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. సంఘం లెక్కలు, సభ్యుల బ్యాంకు వివరాలు ఉన్న కంప్యూటరు కూడా దాని మీదనే నడుస్తుంటే అది వేగం సంగతి మాత్రమే కాదు. వైఫై పాస్‌వర్డు, రూటరు లోపలికి వెళ్ళే పాస్‌వర్డు రెండూ మార్చండి. భద్రతా పద్ధతి డబ్ల్యు.పి.ఎ. 2 లేదా 3గా ఉంచండి. వచ్చిపోయేవారికి రూటరులో అతిథుల వైఫై అని వేరుగా పెట్టుకునే వీలున్నది. సంఘం లెక్క దానితో కలవకూడదు. రూటరు కంపెనీ ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేరును అప్పుడప్పుడు ఎక్కించుకోవాలి.

చివరగా మా కోరిక

వచ్చే నెల బిల్లు కట్టేముందు ఈ నాలుగు పనులు చేయవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఒకటి, మూడు మజిలీల పరీక్ష చేసి సంఘం పుస్తకంలో తేదీతో వ్రాయండి. రెండు, రూటరును ఇనుముకూ నీటికీ దూరంగా, మధ్యకు జరపండి. మూడు, సంఘం కంప్యూటరుకు తీగ వేయండి. నాలుగు, పాస్‌వర్డు మార్చండి. జరిపిన తరువాత మళ్ళీ కొలిచి పాత అంకె పక్కన కొత్త అంకె వ్రాయండి.

అంతా చేసిన తరువాత కూడా తీగతో కొలిచిన వేగమే మీ అవసరానికి చాలకపోతే అప్పుడు పెద్ద ప్లానుకు వెళ్ళండి. అది అవసరమైన ఖర్చే. తీగతో కొలిచినప్పుడు ప్లానులో చెప్పిన వేగం రాకపోతే, ఆ పుస్తకం చూపించి కంపెనీని అడగండి. తేదీ, వేళ, అంకె ఉన్న ఫిర్యాదును తోసివేయడం కష్టం. ఊరిలో నలుగురైదుగురు ఇటువంటి లెక్కతో కలిసి అడిగితే ఇంకా మంచిది. ఒంటరిగా పాలు అమ్ముకున్న రైతుకు దళారి చెప్పినదే ధర అయిన రోజులు మన పెద్దలు చూశారు. కలిసి తూచి, కలిసి పరీక్షించి, కలిసి అడగడం నేర్చుకున్న తరువాతనే ధర మన చేతికి వచ్చింది. ఇంటర్నెట్టు విషయంలోనూ ఆ పద్ధతి పనికివస్తుంది.

ఈ ప్రసంగాన్ని మీ సంఘ సమావేశంలో చదివి వినిపించండి. ముఖ్యంగా పాలు పోసే మహిళా సభ్యులు ఉన్న వేళలో చదవండి. ఇంట్లో ఏ గదిలో సిగ్నలు అందడం లేదో వారికే బాగా తెలుసు.